అమ్మ కొట్టిన గంట

పోయిన వారం నేను కాయితాల కట్ట చంకలో పెట్టుకుని మా జిమ్ షట్టరు ముందు నిలబడి ఉండగా ఆగాం. ఇవాళే కథలోకి వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మా నాన్న బాక్సింగ్ మాస్టారు. ఊళ్ళో వంకరగా ఉన్న ముక్కుల్లో సగం ఆయన శిష్యులవే. వయసు మీదపడ్డాక ఆయనకి ఒక్కొక్కటే మరుపున పడుతూ వచ్చాయి. ముందు వీధి మర్చిపోయాడు, తర్వాత మమ్మల్ని, చివరికి తన పేరే మర్చిపోయాడు. మధ్యలో పక్షవాతం ఒకటి వచ్చిపోయింది. అంతలో అమ్మకి పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తులకి చీము పట్టింది, ఆస్పత్రిలో పోయింది. ముంజేతుల నిండా కమిలిన మచ్చలు. "జారిపడ్డాను" అంది, అంతకుమించి నాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఆ అబద్ధం ఎవరిని కాపాడ్డానికో నాకు తెలుసనుకున్నాను. కొన్నాళ్ళకి నాన్న కూడా పోయాడు. నాకు ఏడుపు రాలేదు. ఏడుపు రానివాళ్ళు ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి రాయడం మొదలుపెట్టాను. అమ్మ చావు దగ్గరికొచ్చేసరికి ఆ అధ్యాయం చివర "మా నాన్నే మా అమ్మని చంపాడు" అని రాశాను. పత్రికకి పంపేముందు అన్నయ్యకి ఒక కాపీ ఇచ్చాను. చదివి ఫోన్ చేసి, "జిమ్ముకి రా, అక్కడ మాట్లాడదాం" అన్నాడు.

మా ఇంట్లో ఆ మాటకి అర్థం వేరు. అలగడం, తలుపులు వేసుకోవడం, చాటుగా గొణుక్కోవడం నాన్నకి గిట్టేవి కావు. "ఒకరి మీద ఒకరికి ఏదన్నా ఉంటే గ్లౌజులు తొడుక్కుని అనండి" అనేవాడు. ఒక్క రౌండు. అనేవాళ్ళు కొడుతూ అనాలి, వినేవాళ్ళు కాచుకుంటూ వినాలి. రౌండు అయిందని గంట మోగాక ఆ సంగతి మళ్ళీ ఎత్తకూడదు. నా మార్కుల గొడవ, అన్నయ్య సిగరెట్ల గొడవ, నేను చేసుకోనన్న పెళ్ళి గొడవ, అన్నీ ఆ తాళ్ళ మధ్యే తేలాయి. కాపరానికొచ్చిన కొత్తలో మా వదిన ఇదంతా చూసి, "మీ ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే మెదడు, దానిమీదే అందరూ గుద్దుకున్నట్టున్నారు" అంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా గ్లౌజు తొడుక్కోలేదు. చిరిగినవి కుట్టడం, గంట కొట్టడం మాత్రం ఆవిడ పని.

షట్టరు ఎత్తి లోపలికెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, జిమ్ములో పిల్లలెవరూ లేరు. ఇసక బస్తాలు గొలుసులకి వేలాడుతున్నాయి. చెమట వాసన, తోలు వాసన, వాటిమీద ఫినాయిల్ వాసన. రింగు మూలలో స్టూలు మీద అన్నయ్య కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో నా కాయితాలు. యాభై దాటాయి, పొట్ట వచ్చింది, కానీ భుజాలు మాత్రం అలాగే ఉన్నాయి. కుర్రతనంలో పోస్టర్ల మీద 'ఎడంచేతి పిడుగు' అని వేసేవాళ్ళు. ఆ ఎడం చెయ్యి తగిలి లేచి నిలబడ్డవాణ్ణి నేను చూడలేదు. కింద గంట స్తంభం పక్కన వదిన దబ్బనంతో ఓ గ్లౌజుకి కుట్లు వేస్తోంది.

"చదివావా?" అన్నాను.

"చదివాను. ఇది పంపిస్తావా?"

"సాయంత్రంలోగా పంపాలి. ఎడిటర్ గారు కూర్చుని ఉన్నారు."

అన్నయ్య కాయితాల కట్టని నిలువునా చించాడు. చించి, మళ్ళీ అడ్డంగా చించి, రింగులో పారేశాడు.

"నా దగ్గర ఇంకో కాపీ ఉంది."

"తెలుసే. నా తిక్క తీరాలి కదా."

ఎర్ర గ్లౌజులు నా గుండెల మీదకి విసిరాడు. మా అన్నాచెల్లెళ్ళ సంభాషణ అంతే. వదిన దబ్బనం పక్కన పెట్టి వచ్చి నాకు లేసులు బిగించింది. "నీకు నలభై దాటాయి, ఆయనకి యాభై దాటాయి. ఆటోని ఎవరు పిలవాలో ముందే చెప్పండి, నాకు వెతుక్కునే ఓపిక లేదు" అంది. నవ్వు రాలేదు ఎవరికీ. ఆవిడకి కూడా రాలేదు. నేను రింగులోకి ఎక్కగానే తాడు పట్టుకుని లాగింది.

గంట మోగింది. ఆ చప్పుడు వినగానే నా భుజాలు వాటంతటవే బిగుసుకున్నాయి. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళెవరికైనా అంతే.

ముందు కొట్టింది నేనే. రెండు సూటిగా మొహం మీద, ఒకటి చెవి కింద. అన్నయ్య మోచేతులు దగ్గర పెట్టుకుని కాచుకున్నాడు. నాలుగోది సందులోంచి దూరి పెదవికి తగిలింది. పన్ను గుచ్చుకుని నెత్తురు వచ్చింది.

"అమ్మ చేతులు చూశావా నువ్వు ఆస్పత్రిలో?" అన్నాను కొడుతూ. "మణికట్టు నుంచి మోచేతి దాకా నల్లగా కమిలిపోయి! ఎన్నాళ్ళు కొట్టుంటాడు అలా? నువ్వు పైన మేడ మీదే ఉన్నావు. నీకు వినపడలేదా? చెవుల్లో సీసం పోసుకున్నావా?"

"నాన్న అమ్మని చంపలేదు."

"నోర్ముయ్యి. వినేవాడు మాట్లాడకూడదు."

మళ్ళీ కొట్టాను. ఈసారి పెదవి మీదే, కావాలని. నెత్తురు గడ్డం మీదుగా కారి కాన్వాసు మీద పడింది, నా కాయితం ముక్కల మీద పడింది. నాకు తృప్తిగా ఉంది. ఇది చెప్పడానికి సిగ్గేం లేదు. ఇన్నాళ్ళూ రాస్తే తీరని కసి ఏదో ఒక్కో గుద్దుకీ కొంచెం కొంచెం తీరుతోంది. నేను కొడుతున్నది అన్నయ్యని కాదు, ఆ తెల్ల గడ్డపు ముసలాయన్ని. మంచం మీద పడుకుని, ఏమీ జరగనట్టు పైకప్పు చూస్తూ చచ్చిపోయిన మనిషిని.

"నువ్వు రాసిందే చెబుతాను విను" అన్నాడు అన్నయ్య. ఊపిరి ఆడక మాటలు తెగుతున్నాయి. "'నాన్న ఎడమ చెయ్యి లేచింది. అమ్మ కుడి డొక్కలో దిగింది' అని రాశావు. ఎక్కడ లేచిందే? పక్షవాతం వచ్చాక ఆ చెయ్యి ఒళ్ళోంచి లేవడం నువ్వెప్పుడన్నా చూశావా?"

నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

చూడలేదు. నాన్న అన్నం తింటున్నప్పుడు ఆ ఎడమ చెయ్యి ఒళ్ళో పడి ఉండేది, ఎవరో మర్చిపోయి వెళ్ళిన తువ్వాలులాగా. కుడి చేత్తో దాన్ని ఎత్తి పక్కకి పెట్టుకునేవాడు. నేనే చూశాను. చూసి కూడా అలా రాశాను. ఎందుకంటే అమ్మకి విరిగినవి కుడివైపు ఎముకలు. ఎదురుగా నిలబడినవాడు అక్కడ కొట్టాలంటే ఎడమ చేత్తోనే కొట్టాలి. బాక్సింగ్ ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి రాసేటప్పుడు దెబ్బని సరిగ్గానే చూశాను. దెబ్బనే చూశాను, మనిషిని చూడలేదు. ఇంకెవరైనా అయితే ఉత్తినే 'కొట్టాడు' అని రాసి ఊరుకునేవాళ్ళు.

"అయితే ఎవరు కొట్టారు?" అన్నాను.

నాన్నని కాపాడదామని నోరు జారిన సంగతి వాడికి అప్పుడు తట్టింది. మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"జారిపడింది" అన్నాడు.

కొట్టాను. "జారిపడితే నడుం విరుగుతుంది. మణికట్టు విరుగుతుంది. ఎవరు కొట్టారు?"

"జారిపడిందన్నానుగా!"

కొట్టాను. కనుబొమ్మ చిట్లింది. నెత్తురు కంట్లోకి దిగింది, వాడు ఆ కన్ను మూసుకున్నాడు. కింద వదిన "ఇంక చాలు" అంది. నేను వినలేదు. తాళ్ళకి అదిమిపెట్టి పొట్టలో, ఛాతీ మీద, ఎక్కడ దొరికితే అక్కడ గుద్దాను. "ఎవరు? ఎవరు? ఎవరు?" అంటూ గుద్దాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది, కీచుగా. ఒక గుద్దు గొంతు కింద ఎముకకి తగిలింది. వాడికి ఊపిరి ఆగింది.

అప్పుడు వాడి ఎడమ చెయ్యి వచ్చింది.

కావాలని కొట్టలేదు. అది నేను ప్రమాణం చేసి చెబుతాను. ముప్ఫై ఏళ్ళు నేర్చుకున్న ఒళ్ళు, మూలకి తోస్తే దానంతటది తిరగబడింది. కింద నుంచి అడ్డంగా వచ్చి నా కుడి డొక్కలో దిగింది. లోపల ఏదో టక్కుమంది. కాళ్ళ కింద రింగు లేదు. మోకాళ్ళ మీద కూలబడ్డాను, నోరు తెరిచాను, గాలి లోపలికి రాలేదు. చొంగ తీగలా కారింది. వదిన గంట మీద గంట కొడుతోంది. ఎప్పుడు మొదలుపెట్టిందో తెలియదు.

ఊపిరి అందాక గ్లౌజుతో తడుముకున్నాను. చంకకి కింద, పొట్టకి పైన. ఆస్పత్రిలో డాక్టరు అమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పట్టుకుని వేలు పెట్టి చూపించిన చోటే అది.

తలెత్తి చూశాను. అన్నయ్య నన్ను చూడటం లేదు. తన ఎడమ చేతిని చూసుకుంటున్నాడు.

"నువ్వు" అన్నాను.

వాడు తాళ్ళని ఆనుకుని అలాగే జారి కూర్చున్నాడు. వదిన గంట తాడు వదల్లేదు. "ఏమిటది? ఏమంటోంది ఇది?" అంది.

"ఆ గంట అమ్మ మంచానికి కట్టింది నేనే" అన్నాడు అన్నయ్య చివరికి. "నాన్న ఎటైనా వెళ్ళిపోతే పిలవడానికి. అమ్మ గొంతు మేడ మీదకి వినపడదు కదా. ఇది వీధి చివరికి కూడా వినపడుతుందని రింగు స్తంభం నుంచి విప్పి కట్టాను. బుద్ధి ఉన్నవాడెవడైనా మామూలు కాలింగ్ బెల్ పెట్టిస్తాడు. నాకు కళ్ళెదురుగా అదే కనపడింది."

నాకు అర్థం కావడం మొదలైంది.

"అమ్మ అది మొదటిసారి కొట్టగానే నాన్న మంచం మీంచి లేచాడట. కుడి చెయ్యి గడ్డం దగ్గర పెట్టి, కాళ్ళు సరిగ్గా ఎడంగా వేసి నిలబడ్డాడట. అమ్మని చూసి, 'ఏమే, ప్యాడ్లు తే' అన్నాడట."

ప్యాడ్లంటే గుద్దులు పట్టడానికి శిక్షకులు అరచేతులకి తొడుక్కునే మెత్తలు. జిమ్ము పెట్టిన కొత్తలో నాన్నకి సాయం ఎవరూ లేక, అమ్మే అవి తొడుక్కుని ఆయన ఎదురుగా నిలబడేది. మేం పుట్టకముందు మాట. గోడకి ఇంకా ఆ ఫొటో ఉంది. చీర దోపుకుని, రెండు చేతులూ ఎత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంటుంది అందులో.

"ఎన్నాళ్ళుగానో మనిషిని చూసి మాట్లాడనివాడు 'ఏమే' అన్నాడు. ఇంక అమ్మ ఆగుతుందా? నేను ఇంట్లో లేనప్పుడు, మీ వదిన మార్కెట్టుకి వెళ్ళినప్పుడు, రోజూ గంట కొట్టేది. ప్యాడ్లు తొడుక్కునేది. ఆయన ఆ ఒక్క చేత్తోనే కొట్టేవాడు. ఆ కాసేపు ఆయనకి అన్నీ తెలిసేవట. నిన్ను అడిగేవాడట, 'చిన్నది రాలేదేం' అని. మళ్ళీ గంట కొడితే వెళ్ళి పడుకునేవాడట. ఆస్పత్రిలో, మాట పడిపోయేముందు, నాకు చెప్పింది ఇదంతా."

కమిలిన ముంజేతులు. నేను మూడు పేజీలు రాశాను ఆ మచ్చల మీద. ఏం మాటలు వాడానో నాకు గుర్తుంది. చిరిగిపోయిన ఆ ముక్కలు నా మోకాళ్ళ కిందే ఉన్నాయి. 'చిన్నది రాలేదేం' అని అడిగాడట నాన్న. నేనేమో ఆయన శవాన్ని కూడా ముట్టుకోలేదు.

"ఆ రోజు ఏమైంది?" అన్నాను.

"నేను ముందుగా ఇంటికొచ్చాను. గంట వినపడింది. పరుగెత్తుకొచ్చాను. గదిలోంచి అమ్మ అరుపులు. 'కొట్టు! కొట్టు!' అని అరుస్తోంది. నాకు అది అలా వినపడలేదు. తలుపు తోశాను. అమ్మ వీపు గోడకి ఆని ఉంది, నాన్న మీద పడి కొడుతున్నాడు. ప్యాడ్లు చూడలేదు. దేవుడి మీద ఒట్టు, ప్యాడ్లు చూడలేదు. నువ్వేం రాశావో అదే చూశాను నేను కూడా. నాన్న మీదకి చెయ్యి విసిరాను. ఈ చెయ్యి."

ఎడమ గ్లౌజు పైకెత్తి చూపించాడు.

"అమ్మకి తెలుసు కదా ఈ చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తుందో. నాన్న నాకు నేర్పుతుంటే చూస్తూనే ఉంది కదా. నాన్నకీ నాకూ మధ్యకి వచ్చేసింది. రెండు ప్యాడ్లూ ఎత్తి నాన్న మొహానికి అడ్డం పెట్టింది. ఆయనకి అడ్డం పెడితే తన డొక్క..."

మిగతాది చెప్పలేకపోయాడు. చెప్పక్కర్లేదు కూడా.

జారిపడ్డానంది అమ్మ. చచ్చేదాకా అదే మాట మీద నిలబడింది. మొగుణ్ణి కాస్తోందనుకున్నాం అందరం. కొడుకుని కాసింది.

నాకు ఏడుపొచ్చింది. నాన్న పోయినప్పుడు రానిది, అమ్మ పోయినప్పుడు సగమే వచ్చినది, ఇప్పుడు మొత్తం ఒక్కసారే వచ్చింది. డొక్కలో పొడుస్తోంది, అయినా ఆగలేదు. నాలుగు కాళ్ళ మీద పశువులా వంగి ఏడ్చాను. కళ్ళు తుడుచుకుందామంటే చేతులకి గ్లౌజులు. తోలుకి అంటిన అన్నయ్య నెత్తురు నా మొహానికి పూసుకుంది.

"మరి ఆయన చేతులు?"

అడిగింది వదిన. ఇంతసేపూ ఆవిడ అక్కడ ఉందన్న సంగతే మర్చిపోయాం.

"మామయ్యగారి చేతులు ఎందుకు కట్టించారు నాతో?"

అన్నయ్య తల ఎత్తలేదు.

అమ్మ పోయాక నాన్నని ఒంటరిగా వదలడానికి భయపడ్డారు. మళ్ళీ ఎవరినన్నా కొడతాడేమోనని మంచం కమ్మీలకి ఆయన చేతులు కట్టేసేవాళ్ళు. నేను వచ్చినప్పుడు చూసి, మంచి పని చేశారనుకున్నాను.

వదిన మాట్లాడుతోంది. గొంతు పెంచలేదు. "మామూలు తాళ్ళయితే ఒరుసుకుంటాయని గ్లౌజుల్లో కట్టుకునే గుడ్డ పట్టీలు వాడాను. అవి చూడగానే ఆయన కుడి చెయ్యి తనే చాపేవారు, వేళ్ళు విడదీసి. ఎడమది లేవదు కదా, కుడి చేత్తో ఎత్తి నా ఒళ్ళో పెట్టేవారు. పోటీకి కడుతున్నాననుకునేవారు. నేను తీసుకెళ్ళి కమ్మీకి కట్టేదాన్ని. కట్టాక నన్ను చూసి, 'గంట ఇంకా కొట్టలేదేం?' అని అడిగేవారు. పోయేదాకా రోజూ పొద్దున్నే అడిగారు. అత్తయ్యగారిని చంపింది చాలక ఇంకా గంట కావాలా అని ఒకరోజు ఆయన మొహం మీదే అన్నాను." అన్నయ్య వైపు తిరిగింది. "మీరు గుమ్మంలో నిలబడి విన్నారు. విని ఊరుకున్నారు."

"చెబుదామనుకున్నాను" అన్నాడు అన్నయ్య.

"ఎప్పుడు?"

అన్నయ్య గ్లౌజుతో కంటి మీది నెత్తురు తుడుచుకున్నాడు.

వదిన తాడు వదిలేసింది. మెట్టు మీద కాలు పెట్టి, తాళ్ళ మధ్యలోంచి వంగి రింగులోకి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ అందులోకి రావడం అదే మొదలు. చెప్పులు కాయితం ముక్కల మీద పడ్డాయి. నా ఎదురుగా గొంతుకూర్చుని నా గ్లౌజుల లేసులు విప్పడం మొదలుపెట్టింది.

"వదినా, వద్దు" అన్నాను.

"ఏం, మీ ఇంటి ఆచారం నాకు పనికిరాదా?"

రెండు గ్లౌజులూ తొడుక్కుంది. తడిగా ఉన్నాయి లోపల, బయట కూడా. ఆవిడ చేతులకి పెద్దవయ్యాయి. పళ్ళతో లేసు బిగించుకుని లేచి నిలబడింది. చీర కొంగు దోపుకుంది.

"లేవండి" అంది మొగుడితో. అన్నయ్య తాళ్ళు పట్టుకుని లేచాడు. ఒక కన్ను మూసుకుపోయింది, పెదవి బొటనవేలంత ఉబ్బింది. చేతులు రెండూ కిందకి వేలాడేసి నిలబడ్డాడు.

"చేతులు ఎత్తండి. కాచుకుంటూ వినాలి కదా?"

వాడు ఎత్తలేదు.

వదిన నా వైపు తిరగకుండానే అంది. "ఇందాక దెబ్బ తిన్నదానివి, లేవగలవా? లేచి కిందకి వెళ్ళు. వెళ్ళి గంట కొట్టు."

డొక్క పట్టుకుని లేచాను. తాళ్ళ కింద నుంచి జారి నేల మీదకి దిగాను. గంట మళ్ళీ స్తంభానికే వేలాడుతోంది. తాడు చివర అమ్మ పట్టుకుని పట్టుకుని నల్లబడిన ముడి అలాగే ఉంది. పైన రింగులో ఇద్దరూ నా కోసం ఆగి ఉన్నారు. ఆ ముడిని నా గుప్పిట్లోకి తీసుకున్నాను.